9 నెలల కుక్క చెత్తబుట్టలు తిరగేస్తోంది: మాన్పించడం ఎలా?

చుక్కి ఇల్లు (మొదటి రోజు)

నమస్కారం. మా ఇంట్లో 9 నెలల వయసున్న ఆడకుక్క ఉంది. పేరు చుక్కి, బరువు 14 కిలోలు, జాతి ఏమిటో మాకు తెలియదు. 4 నెలల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం. కూర్చోమంటే కూర్చుంటుంది, పిలిస్తే చాలావరకు వస్తుంది, చెప్పులు కొరికే దశ కూడా దాటిపోయింది. అయితే గత రెండు నెలలుగా వంటగదిలోని చెత్తబుట్టను పడదోసి, అందులో ఉన్నదంతా హాలు దాకా పరిచి, తినగలిగింది తిని, తినలేనిది చింపి పెడుతోంది. స్నానాలగదిలోని చిన్న బుట్టనూ వదలడం లేదు. మేము చూస్తుండగా ఒక్కసారి కూడా ఆ వైపు వెళ్ళదు. మేము బయటికి వెళ్ళినప్పుడో, రాత్రి పడుకున్న తరువాతో మాత్రమే ఈ పని జరుగుతోంది.

ఇంటికి రాగానే దాన్ని ఆ చెత్త దగ్గరికి తీసుకువెళ్ళి, చూపించి, గట్టిగా మందలిస్తున్నాం. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, చూపు తప్పించి నేలకు అతుక్కుపోతుంది కనుక, చేసింది తప్పని దానికి తెలుసుననే అనుకుంటున్నాం. అయినా మరునాడు మళ్ళీ అదే వరస. ఎత్తైన బుట్ట తెచ్చాం, పడదోసింది. మూత మీద బరువు పెట్టాం, నెట్టేసింది. చేదు ద్రావణం చల్లితే రెండు రోజులు ఆగి, మూడో రోజు దాన్నీ నాకేసింది. ఒంటరిగా వదిలి వెళ్ళామన్న కోపంతో ఇలా చేస్తోందా? నిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి వాంతి చేసుకుంది. ఇక ఆలస్యం చేయకూడదనిపించి ఇక్కడ అడుగుతున్నాను.

వంకరతోక

మా ఇంట్లో రెండేళ్ళ క్రితం ఇదే కథ నడిచింది. ఖాళీ డబ్బాలను ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటికి కట్టిన దారాన్ని చెత్తబుట్ట మూతకు ముడివేశాను. మూత కదలగానే డబ్బాలన్నీ దబదబా కూలాయి, మావాడు మంచం కిందికి దూరాడు, ఆ తరువాత ఆ బుట్ట వంక చూడలేదు. మీరు మందలిస్తే లాభం లేదండీ, బుట్టే దానికి బుద్ధి చెప్పాలి.

తోకచుక్క

డబ్బాల ఉపాయం గురించి తరువాత చెబుతాను. ముందు చుక్కి ముఖంలో మీకు కనిపిస్తున్న అపరాధభావం సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మీరు ఇప్పటివరకు చేసినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. యజమాని వద్దన్న తాయిలాన్ని కుక్క కొన్నిసార్లు నిజంగా తింది, కొన్నిసార్లు తినలేదు. కానీ గది బయటికి వెళ్ళి తిరిగి వచ్చిన యజమానికి, కుక్క తిందో లేదో పరిశోధకురాలు చెప్పినది నిజమే కానక్కరలేదు. తీరా చూస్తే, తప్పు చేసిన ముఖం పెట్టడానికీ తప్పు చేయడానికీ సంబంధం కనబడలేదు, యజమాని తిట్టడానికి మాత్రం సంబంధం ఉంది. ఏ పాపమూ ఎరుగని కుక్కలు కూడా తిట్లు పడితే ఆ ముఖమే పెట్టాయి. చుక్కి చెవులు వాల్చేది చెత్త తిన్నందుకు కాదు, మీ కోపాన్ని చల్లార్చడానికి. కుక్క చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య ఒకటి రెండు సెకన్లు గడిస్తేనే ముడి వదులైపోతుంది. రెండు గంటల తరువాత తిడితే, నేల మీద చెత్త ఉండగా మనుషులు తలుపు తీస్తే ప్రమాదం అన్నంతవరకే అది నేర్చుకుంటుంది.

మీ ఎదుట వెళ్ళకపోవడంలోనూ కుట్ర లేదు. యూలియానే కామిన్‌స్కీ బృందం చేసిన ప్రయోగంలో, వద్దన్న ఆహారం వెలుతురులో ఉన్నప్పటికంటే చీకట్లో ఉన్నప్పుడు కుక్కలు ఎక్కువగా కాజేశాయి. మనిషి చూడగలడా లేడా అన్నది వాటి ప్రవర్తనను మారుస్తుంది. మీ తిట్లు చుక్కికి నేర్పింది కూడా ఇదే: మీరు ఉంటే ఆ పని ప్రమాదకరం, లేకుంటే లాభదాయకం. ఇక కోపం, కక్ష అనే ఊహలను పూర్తిగా పక్కన పెట్టండి. తినడానికి ఏదో దొరికింది, మళ్ళీ దొరుకుతుందేమోనని మళ్ళీ వెళ్ళింది, అంతే.

అసలు చిక్కు ఆ "ఏమో"లోనే ఉంది. ప్రతిసారీ దొరికే బహుమతి కంటే ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి అలవాటును గట్టిగా పాతేస్తుందని ప్రవర్తన శాస్త్రంలో 1950ల నుంచీ తెలిసిన విషయమే. పది రోజుల్లో తొమ్మిది రోజులు బుట్టలో కాగితాలే ఉండి, పదో రోజు ఒక్క ఎముక దొరికినా చాలు, మరో పది రోజులు వెతకడానికి దానికి కారణం దొరికినట్టే. కాబట్టి ఈ రాత్రి నుంచే మీ ఇంట్లో ఏ బుట్టా చుక్కికి ఒక్క మెతుకు కూడా ఇవ్వకూడదు. గొళ్ళెం ఉన్న అలమరలో పెట్టండి, లేదా నొక్కితే బిగుసుకునే మూత ఉన్న బరువైన డబ్బా తెచ్చుకోండి, లేదా వంటగది గుమ్మానికి పసిపిల్లల కోసం అమర్చే అడ్డుగేటు పెట్టండి. స్నానాలగది తలుపు మూసి ఉంచండి. శిక్షణ మాట ఆ తరువాత.

డబ్బాలు కూల్చడం గురించి: వంకరతోక గారి కుక్క విషయంలో పని జరిగి ఉండవచ్చు, కాదనను. కానీ భయం దేనికి అతుక్కుంటుందో మన చేతిలో ఉండదు. కొన్ని కుక్కలకు అది బుట్టకు కాక వంటగదికో, పాత్రల చప్పుడుకో, ఆ క్షణంలో అటుగా నడిచిన మనిషికో అతుక్కుంటుంది. ధైర్యం ఎక్కువ ఉన్న కుక్క ఒకసారి ఉలిక్కిపడి, రెండోసారి డబ్బాలు తప్పించుకునే దారి వెతుకుతుంది.

వంకరతోక

నిజం చెప్పాలంటే ఆ తరువాత ఆరు నెలల పాటు మావాడు వంటింట్లో మూకుడు కింద పడితే వణికిపోయేవాడు. దానికీ దీనికీ సంబంధం ఉందని ఇప్పుడు చదివేదాకా నాకు తట్టలేదు.

గోడమీద పిల్లి

నాకొక సందేహం. బుట్టను అలమరలో పెట్టి గొళ్ళెం వేయడం శిక్షణ ఎలా అవుతుంది? అది కుక్కకు కాదు, మనకు శిక్షణ. ఎవరో ఒకరు ఏదో ఒక రోజు గొళ్ళెం మరిచిపోతారు, ఆ రోజు కుక్క నేర్చుకోనిది బయటపడుతుంది. చుక్కి ఇల్లు వారు అడిగింది కుక్క మానేయడం గురించి కదా?

నిదానం

పిల్లి గారి ప్రశ్న న్యాయమైనదే. మూత బిగించడం అలవాటును మాన్పించదు, అలవాటుకు మేత ఆపుతుంది. మేత ఆపకుండా నేర్పడం అంటే, ఒక చేత్తో మంట ఆర్పుతూ మరో చేత్తో నూనె పోయడం.

నేర్పవలసినది "వదిలెయ్" అనే మాట. దాన్ని బుట్ట దగ్గర మొదలుపెట్టకండి. మామూలు పొడి ఆహారపు గింజ ఒకటి పిడికిలిలో మూసి ముక్కు ముందు పెట్టండి. చుక్కి నాకుతుంది, కాలితో గీరుతుంది, మొరుగుతుంది కూడా. మీరు చెయ్యి వెనక్కి లాగకండి, ఏమీ అనకండి. విసిగి ముక్కు అరంగుళం వెనక్కి తీసిన క్షణానే "భలే" అని, రెండో చేతిలోని మరింత రుచికరమైన ముక్క ఇవ్వండి. పిడికిట్లోది మాత్రం ఎన్నడూ ఇవ్వకూడదు. వదిలేస్తే అదే తరువాత దొరుకుతుందని అనుకుంటే మొత్తం పాఠం తలకిందులవుతుంది. చెయ్యి చూడగానే వెనక్కి తగ్గే స్థాయికి వచ్చాక "వదిలెయ్" అన్న మాటను జతచేయండి. తరువాత తెరిచిన అరచేయి, ఆ తరువాత నేల మీద, అవసరమైతే కాలితో కప్పగలిగేంత దగ్గరలో, ఆ పైన పట్టీ కట్టి నడిపిస్తూ దారిలో పెట్టిన ముక్క పక్క నుంచి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిగా చేస్తేనే పై మెట్టుకు వెళ్ళండి, వరుసగా రెండుసార్లు తప్పితే ఒక మెట్టు దిగండి. రోజుకు రెండు విడతలు, విడతకు మూడు నాలుగు నిమిషాలకు మించి వద్దు. ఈ వయసు కుక్కకు ఆపైన బుర్ర పని చేయదు, మనకు ఓపిక ఉండదు.

ఇదంతా అయ్యాకే బుట్ట. అదీ కడిగి ఆరబెట్టిన ఖాళీ బుట్ట, హాలు మధ్యలో, చుక్కి పట్టీ మీ చేతిలో ఉండగా. బుట్టను చూసి మీ వైపు తల తిప్పితే తాయిలం. తరువాత అందులో కాగితాలు వేయండి, తరువాత మూత బిగించిన చిన్న పెట్టెలో వాసన వచ్చే ఆహారం పెట్టి ఆ పెట్టెను బుట్టలో ఉంచండి. ఎప్పుడైనా అది మీ చెయ్యి దాటినా పెట్టె తెరుచుకోదు కనుక బుట్ట నుంచి బహుమతి రాదు. కొన్ని వారాలకు మీరు మాట అనకుండానే బుట్ట కనబడగానే మీ ముఖం చూడటం మొదలవుతుంది. నాకు తెలిసి ఈ శిక్షణలో అన్నిటికంటే ఆనందం ఇచ్చే క్షణం అదే.

ఇల్లంతా ఖాళీగా ఉన్నప్పుడు, నిండిన బుట్ట తెరిచి ఉన్నప్పుడు మాత్రం ఈ పాఠం మీద భారం వేయకండి. అక్కడ బహుమతి ఇచ్చేది బుట్టే, మీరు లేరు. గోడమీద పిల్లి గారికి నా సమాధానం ఇది: మనిషి ఉన్నంతసేపు శిక్షణ, లేనప్పుడు గొళ్ళెం. ఈ రెండూ ఒకదానికి బదులు ఇంకొకటి కావు.

పశువైద్యం నా వృత్తి

ప్లాస్టిక్ ముక్క వాంతి చేసుకుందన్నారు కనుక నేను కలగజేసుకుంటున్నాను. మళ్ళీ మళ్ళీ వాంతులు కావడం, తిండి ముట్టకపోవడం, కడుపు ముట్టుకుంటే ముడుచుకోవడం, మలం రాకపోవడం వంటివి కనబడితే పేగుల్లో ఇంకేదైనా ఇరుక్కున్నదేమోనని అదే రోజు చూపించాలి. ముందు కాళ్ళు నేలకు వంచి వెనుక భాగం పైకెత్తి నిలబడటం కూడా కడుపునొప్పికి గుర్తు కావచ్చు. ఆటకు పిలుస్తోందని చాలామంది పొరబడతారు.

చెత్తబుట్టలో నేను ఎక్కువగా భయపడే వస్తువులు కొన్ని ఉన్నాయి. ఉడికిన ఎముకలు పెళుసుగా చీలి గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. మొక్కజొన్న కండె అరగదు, చిన్న పేగులో బిరడాలా కూర్చుంటుంది. చాక్లెట్‌లో థియోబ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది, అది కుక్కలకు విషం. కుక్క శరీర బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు చేరితే వాంతులు, అలజడి మొదలవుతాయి, 40 నుంచి 50 దగ్గర గుండె లయ తప్పవచ్చు, 60 దాటితే మూర్ఛలు రావచ్చు. పాలు కలిసిన చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 2 మిల్లీగ్రాములే ఉంటే, తీపి లేని వంట చాక్లెట్‌లో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది కనుక ఏ రకం తిన్నదన్నది ముఖ్యం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ ఇంకా ప్రమాదకరం. కిలోకు 0.1 గ్రాము చాలు, రక్తంలో చక్కెర అరగంటలో పడిపోవచ్చు, 0.5 గ్రాము దాటితే కాలేయానికి ముప్పు. ద్రాక్ష, ఎండుద్రాక్ష ఎంతవరకు పరవాలేదో చెప్పే కొలత లేదు. ఉల్లిపాయ రక్తకణాలను దెబ్బతీస్తుంది, ఆ లక్షణాలు రెండు మూడు రోజుల తరువాత గానీ బయటపడవు. బూజు పట్టిన ఆహారంలోని కొన్ని విషాల వల్ల ఒళ్ళంతా వణుకు వస్తుంది. స్నానాలగది బుట్టలో బ్లేడు, దూది, నెలసరి ప్యాడ్ ఉంటాయి. ఈ చివరి రెండూ లోపల ఉబ్బుతాయి. చిరుతిళ్ళ ఖాళీ సంచిలో తల దూర్చిన కుక్క ఊపిరాడక నిమిషాల్లో చనిపోవచ్చు, కాబట్టి వాటిని చింపి పారేయండి.

విషపదార్థం తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. వాంతి చేయించడం సాధారణంగా తిన్న రెండు గంటల లోపే ఉపయోగపడుతుంది, పదునైనవో దహించేవో తింటే అసలు చేయించకూడదు. ఆ నిర్ణయం వైద్యులకు వదిలి, చిరిగిన కవరును వెంట తీసుకువెళ్ళండి.

ఇంకొక మాట. తిండి మీద ఈ ఆబ కొత్తగా మొదలైతే పరీక్ష చేయించాలి. కడుపులో పురుగులు, క్లోమ లోపం వల్ల ఆహారం జీర్ణం కాకపోవడం, స్టెరాయిడ్ మందులు, ఇవన్నీ ఆకలిని పెంచుతాయి. బరువు తగ్గుతూ, మలం ఎక్కువగా, జిడ్డుగా వస్తుంటే శిక్షకుడి కంటే ముందు మా దగ్గరికి రావాలి.

చుక్కి ఇల్లు (రెండో రోజు)

అందరికీ కృతజ్ఞతలు. మలం బాగానే ఉంది, బరువు తగ్గలేదు, మళ్ళీ వాంతి కాలేదు, అయినా రేపు చూపిస్తున్నాం. మందలించడం ఈ రోజు నుంచి మానేశాం. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, తలుపు తీయగానే చుక్కి ముడుచుకుపోవడం చూసి మేము చేసిందేమిటో అర్థమైంది. ఒక ప్రశ్న మిగిలింది. నోట్లో ఏదైనా ఉన్నప్పుడు పట్టుకోవడానికి వెళితే పరుగెత్తి, నమలకుండానే మింగేస్తోంది. అప్పుడేం చేయాలి?

నిదానం

మీరు వెంటపడినంతకాలం మింగుతూనే ఉంటుంది, ఎందుకంటే పోటీదారు వస్తున్నప్పుడు ఆహారాన్ని దాచుకోవడానికి అన్నిటికంటే భద్రమైన చోటు కడుపే. మా పెద్దకుక్క చిన్నప్పుడు మేము నోరు తెరిచి వేళ్ళు పెట్టి లాగేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి ఎముక దొరికితే మంచం కింద చేరి, దగ్గరికి వచ్చినవాళ్ళందరి మీదా గుర్రుమనేది. ఆ గుర్రు మేము నేర్పినదే.

ఇచ్చిపుచ్చుకోవడం నేర్పండి. దానికి ఇష్టంలేని బొమ్మతో మొదలుపెట్టి, నోట్లో అది ఉండగా తాయిలం ముక్కు దగ్గర పెట్టండి. బొమ్మ జారగానే తాయిలం ఇచ్చి, బొమ్మ కూడా తిరిగి ఇచ్చేయండి. విడిచిపెడితే పోదు, లాభమే అన్న నమ్మకం కుదరాలి. ప్రమాదకరమైనది నోట్లో ఉంటే వెంటపడకుండా, నడిచి వెళ్ళి తాయిలాల డబ్బా మూత తీసి చప్పుడు చేసి, నేల మీద గుప్పెడు జల్లండి. ఏరుకోవడానికి నోరు ఖాళీ చేసుకోక తప్పదు.

తోకచుక్క

వయసు గురించి కూడా ఒక మాట. అషర్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 5 నెలలప్పుడు యజమాని మాట వినే కుక్కలే 8 నెలలప్పుడు అదే మనిషి మాట తక్కువగా విన్నాయి. విచిత్రంగా, కొత్తవాళ్ళ మాట వినడంలో ఆ తగ్గుదల లేదు. యజమానితో అనుబంధం గట్టిగా లేని కుక్కల్లో ఇది మరీ ఎక్కువ. ఏడాది దాటేసరికి మళ్ళీ దారిలో పడ్డాయి. ఇప్పుడు చుక్కితో మీ సంబంధాన్ని చెడగొట్టుకుంటే నష్టం బుట్టతో ఆగదు.

రోజంతా అది ఏం చేస్తోందో రాయగలరా? కుక్కకు వెతకడం, చింపడం, నమలడం అవసరాలే. ఇంట్లో వాటికి చోటు బుట్ట ఒక్కటే అయితే బుట్టే ఎంచుకుంటుంది. ఉదయపు ఆహారం గిన్నెలో పెట్టకుండా పాత తువ్వాలు మడతల్లో దాచి ఇవ్వండి, అట్టపెట్టెలో కాగితాల మధ్య జల్లి చింపుకోనివ్వండి. ముక్కుతో పావుగంట పని చేసిన కుక్క చాలాసేపు పడుకుంటుంది.

లాబ్రడార్ పెంచేవారికి

(ఈ మారుపేరు పెట్టుకున్నందుకు ఈ చర్చలో నేను మాట్లాడక తప్పదనిపించింది.) చుక్కిలో లాబ్రడార్ పోలిక ఉంటే, దాని ఆకలిని క్రమశిక్షణ లోపంగా చూడకండి. లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. వాటికి తిండి మీద ధ్యాస ఎక్కువ, బరువూ ఎక్కువ. అదే కుక్క తాయిలం కోసం ఏదైనా నేర్చుకుంటుందన్నది మాత్రం మనకు కలిసొచ్చే విషయం.

చుక్కి ఇల్లు (మూడో వారం)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. వైద్యులు పేగుల్లో ఏమీ లేదన్నారు, పురుగుల మందు ఇచ్చారు. వంటగది బుట్ట గొళ్ళెం ఉన్న అలమరలోకి వెళ్ళింది, స్నానాలగది బుట్ట ఎత్తైన అరమీదికి ఎక్కింది. "వదిలెయ్" నేల మీద ముక్క దాకా వచ్చింది, ఖాళీ బుట్ట దాకా కూడా వెళ్ళాం.

కానీ ఒక విచిత్రం చెప్పాలి. బుట్టలు దాచిన తరువాత మొదటి అయిదు రోజులు పరిస్థితి ఇంకా దిగజారింది. అలమర తలుపు గీరింది, రాత్రి రెండు గంటలకు దాని ముందు కూర్చుని మూలిగింది. ఈ పద్ధతి మాకు పనికిరాదని నిశ్చయించుకోబోతుండగా ఆరో రోజు సగం తగ్గి, పదో రోజుకు ఆగిపోయింది. పదహారో రోజు ఇంటికి వచ్చిన చుట్టాలు గొళ్ళెం వేయడం మరిచిపోయారు, మొత్తం పోయింది. గోడమీద పిల్లి గారు చెప్పినట్టే జరిగింది. తిట్టలేదు, దాన్ని వేరే గదిలో ఉంచి ఊడ్చుకున్నాం. ఇప్పుడు మళ్ళీ మొదటికి వచ్చినట్టేనా?

తోకచుక్క

మొదటికి రాలేదు. ఆ అయిదు రోజులు ఆరిపోయే ముందు దీపం ఎగసినట్టు. ఎప్పుడూ తెరుచుకునే తలుపు తెరుచుకోకపోతే మనమూ మరింత గట్టిగా తోస్తాం కదా! అప్పుడు మీరు లొంగి ఉంటే, గట్టిగా గీరితే తెరుచుకుంటుందని నేర్చుకునేది. పదహారో రోజు దొరికిన విందు వల్ల వారం పది రోజులు ఆ అలమర చుట్టూ తిరగవచ్చు, ఆ తరువాత మొదటిసారి కంటే త్వరగా మానుతుంది. గొళ్ళెం దానంతట అదే పడే రకానికి మార్చండి, చుట్టాలను మార్చలేం కనుక.

అలాగే ఒక చాప కేటాయించండి. మీరు బుట్ట తెరిచిన ప్రతిసారీ చుక్కిని ఆ చాప మీదికి పంపి, మూత పడ్డాక తాయిలం ఇవ్వండి.

గోడమీద పిల్లి

నా మాట నిజమైనందుకు సంతోషించడం లేదని మనవి. మా ఇంట్లోనూ గొళ్ళెం మార్చాను.

చుక్కి ఇల్లు (పదకొండో వారం)

చివరి సంగతులు రాస్తున్నాను. అలమర తలుపు కిర్రుమంటే చాలు, చుక్కి ఏ గదిలో ఉన్నా పరుగున వచ్చి చాప మీద కూర్చుంటోంది. మేము పంపడం లేదు, ఆ చప్పుడే దానికి పిలుపైంది. నిన్న కూరగాయల తొక్కలు వేస్తుండగా ఒక ముక్క జారి దాని కాళ్ళ ముందు పడింది. దాన్ని చూసింది, నన్ను చూసింది, కదలలేదు. దానికిచ్చిన తాయిలం ఎంత పెద్దదో మా ఇంట్లో చెప్పలేదు.

అందరం బయటికి వెళ్ళేటప్పుడు మాత్రం గొళ్ళెం ఉంటుంది. కెమెరా పెట్టి చూశాం. మేము వెళ్ళాక అలమర దగ్గర ఒకసారి వాసన చూసి, అట్టపెట్టె చింపుకుని, మూడు గంటలు పడుకుంది.

వంకరతోక

నేనూ డబ్బాలన్నీ విప్పేసి, నొక్కితే బిగుసుకునే మూత ఉన్నది తెచ్చాను. మావాడికి దాన్ని తెరవడం చేతకావడం లేదు. మా నాన్నగారికీ చేతకాక, వారం రోజులుగా చెత్త తెచ్చి నా బల్ల మీద పెడుతున్నారు.